ఇస్త్రీ బండి దగ్గర మారిపోయిన వైరస్

మొన్న రాత్రి తొమ్మిదింటికి ఓ చానల్లో రెండు వైరస్‌లకు పెళ్లి చేశారు. ఎర్ర బంతి ఒకటి, ఆకుపచ్చ బంతి ఒకటి, రెండింటికీ కొమ్ములు. గిర్రున తిరుగుతూ వచ్చి ఢీకొన్నాయి. పిడుగు పడింది. ఊదా రంగు బంతి ఒకటి ఊడిపడింది. "ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ కలిశాయి! మహా వైరస్ పుట్టేసింది!" అని యాంకరమ్మ తానే పురుడు పోసినంత ఆయాసంతో ప్రకటించింది.

సంబంధం అన్నాక కాస్త విచారించాలి కదా. విచారించాను. ఆర్‌ఎస్‌వీ అంటే ఫ్లూలాగే ఊపిరితిత్తులకు పట్టే ఇంకో వైరస్. ఈ కబురు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో శాస్త్రవేత్తల పరిశోధనది. 2022 అక్టోబరులోనే అచ్చయింది, మనవాళ్లకి ఇప్పుడు బ్రేకింగ్ న్యూస్ అయింది. ప్రయోగశాలలో మనిషి ఊపిరితిత్తుల కణాలకు రెండు వైరస్‌లనూ ఒకేసారి అంటిస్తే, తయారైన రేణువుల్లో కొన్ని రెండింటి ప్రోటీన్లనూ తగిలించుకుని కనిపించాయి. జన్యువులు మాత్రం కలవలేదు. దేనివి దానివే.

అంటే అక్కడ పెళ్లి జరగలేదమ్మా, బట్టలు మారాయి. శాస్త్రవేత్తలు ఫీనోటైపిక్ మిక్సింగ్ అంటారు. మనకు ఇస్త్రీ బండి చాలు. మా బంధువొకడి పెళ్లినాడు ఫంక్షన్ హాల్ కింద ఒక పెళ్లి, పైన ఒక పెళ్లి, వీధి చివర ఇస్త్రీ బండి ఒక్కటే. మావాడి తమ్ముడికి పైవాళ్ల షేర్వాణీ వచ్చింది. వేసుకుని మెట్లెక్కాడు. గుమ్మంలో పన్నీరు చల్లారు. "బావగారూ" అంటూ ఎవరో చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు. రెండోసారి జీడిపప్పు పకోడీ వేయించుకున్నాడు. వాళ్ల ఫ్యామిలీ ఫొటోలో నిలబడ్డాడు కూడా. ఇప్పుడు వాడికో కొడుకున్నాడు. ఆ పిల్లాడు జరీ గుండీలతో పుట్టలేదు, అచ్చం మావాళ్ల చేట చెవులతోనే పుట్టాడు. (నాయకులు, కండువాలు అని మీరు నవ్వబోతున్నారు. వద్దు, వైరస్‌కి పరువుంది.)

ఈ సంగతి 1951లోనే ఆరన్ నోవిక్, లియో జిలార్డ్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. అణు గొలుసు చర్యను ఊహించిన జిలార్డే ఈయన. బాక్టీరియాను తినే టీ2, టీ4 అనే దాయాది వైరస్‌ల మీద చూశారు. టీ4 చొక్కా తొడుక్కున్న టీ2, మామూలుగా తనను గేటు దగ్గరే ఆపేసే బాక్టీరియాలోకి దర్జాగా దూరిపోయింది. లోపల పుట్టిన పిల్లలన్నీ అసలు సిసలు టీ2లే. ఆ గేటు దగ్గరికి మళ్లీ వెళ్తే వాటిని రానివ్వలేదు.

చానల్ వాళ్లు వదిలేసిన సంగతి ఇంకొకటుంది. గ్లాస్గో రేణువులు ఆర్‌ఎస్‌వీ చొక్కా చాటున ఫ్లూ యాంటీబాడీలను, అంటే ఫ్లూని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే కాపలావాళ్లను, తప్పించుకున్నాయి. భయపెట్టాలనుకుంటే భయపెట్టే సరుకు అదీ. దాన్ని పారేసి బంతులు తిప్పుకున్నారు.

ఇక బట్టలు కుట్టుకోవడమే రాని వైరస్ హెపటైటిస్ డి. 1977లో ఇటలీలో మారియో రిజెట్టో బృందం దాని ఆనవాలు పట్టింది. జన్యువు మొత్తం సుమారు 1700 అక్షరాలు, అందులో పైకోటు కుట్టే వివరం లేదు. హెపటైటిస్ బి ఉన్న కాలేయంలో చేరి, దాని కోటు వేసుకునే బయటపడాలి. ఎరువు కోటే కదా అనుకోకండి. బి ఒక్కటే ఉన్నప్పటికన్నా ఇద్దరూ కలిస్తే కాలేయం త్వరగా పాడవుతుంది. అయితే బి టీకా వేస్తే డి కూడా రాదు, కోటు దొరకదు కాబట్టి. ఒక సూదికి రెండు రోగాలు! ఆ టీకాను 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి అమ్మింది. ఇప్పుడు సర్కారు దవాఖానాలో బిడ్డ పుట్టిన 24 గంటల్లో ఉచితంగా వేస్తారు.

వేయించుకుంటేగా! పోయిన వారం బాలింతను చూడ్డానికి వెళ్లాను. పిల్ల పుట్టి ఇరవై గంటలు. నర్సు టీకా పట్టుకుని రెండోసారి వచ్చింది. పిల్ల మేనత్త ఫోన్ చూపించింది. "రెండూ కలిసి కొత్తది పుట్టిందంట కదమ్మా, ఈ పాత సూది ఎందుకు పనికొస్తది?" అంది. ఆవిణ్ణి ఏమంటాం? ఆ బంతి గీయించినవాణ్ణి అనాలి. ఒరేయ్, నీకు తెలియకపోతే నోరు మూసుకోరాదూ? నీ రేటింగ్‌కి ఆ పసిదాని కాలేయమే దొరికిందా?

నేను చెప్పాను. నర్సు చెప్పింది. "రేపు చూద్దాం లెండి" అంది మేనత్త. నర్సు ఐస్ పెట్టె మూత వేసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లింది. మేనత్త చేతిలో ఫోన్ ఇంకా ఆడుతూనే ఉంది, ఊదా బంతి గిర్రున తిరుగుతోంది.