ఆ అమ్మాయి ‘వద్దు’ అన్నందుకే నేను డబ్బు కట్టాను

ఇప్పుడే వ్యాన్ దిగి గదికి వచ్చాను. బూట్లకు అంటిన నల్ల ఇసుక ఇంకా దులపలేదు. కోపం దిగేలోపే రాసేయాలి, దిగాక మర్యాదగా రాస్తాను, అప్పుడు ఎవరికీ ఎక్కదు.

ఐస్‌ల్యాండ్‌లో ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ అనే అగ్నిపర్వతం దగ్గరి లావా మైదానానికి ఈ రోజు గైడ్‌తో నడిచి వెళ్లాం. మొత్తం పన్నెండు మందిమి. గైడ్ పాతికేళ్లు దాటని అమ్మాయి. దారి పొడవునా ఎంత ఓపికగా చెప్పిందో! 2021 మార్చి 19 రాత్రి గెల్డింగాదాలిర్ అనే చిన్న లోయలో నేల చీలిందని, రేక్యానెస్ ద్వీపకల్పంలో దాదాపు 800 ఏళ్ల తర్వాత లావా బయటికి రావడం అదే మొదటిసారని, ఆరు నెలలు ఆగి ఆగి పారి ఐదు చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ నేలను కప్పేసిందని చెప్పింది. వింటూ నడిస్తే కాళ్ల నొప్పి తెలియలేదు.

లావా అంచు దగ్గర ఆపి ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పింది. ‘దీని మీదకు ఎవరూ ఎక్కకండి.’ ఎందుకో కూడా చెప్పింది. పైన పెచ్చు నల్లగా, చల్లగా కనిపిస్తుంది, లోపల మందంగా ఉన్నచోట ఏళ్ల తరబడి వేడి పోదు. కింద లావా పారిపోయి ఖాళీ మిగిలిన చోట్ల పైకప్పు ఎంత పల్చగా ఉందో చూసి చెప్పగలిగేవాళ్లు లేరు. కాలు దిగబడితే అంచులు గాజు పెంకుల్లా కోస్తాయి. వాన పడుతుంటే ఇప్పటికీ అక్కడక్కడా ఆవిరి లేస్తోంది, మేమందరం కళ్లారా చూశాం.

రెండు నిమిషాలు కాలేదు. మా గుంపులో ఒకాయన లావా మీదున్నాడు!

నాలుగైదు అడుగులు కాదు, బాగా లోపలికి వెళ్లి చేతులు చాచి నిలబడ్డాడు. గైడ్ ఒక్క అరుపు అరిచింది. నాకైతే గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం భార్యతో, అచ్చ తెలుగులో, ‘ఈ పిల్లకేం తెలుసు, నువ్వు ఫోటో తియ్యి’ అన్నాడు. పక్కన తెలుగు అర్థమయ్యే మనిషి ఉందని అనుకోలేదు. ఉంది. విన్నాను.

దిగి వచ్చాక మొహం మాడ్చుకున్నాడు. వ్యాన్‌లో నా చేతిలో ఫోన్ చూసి ‘మీరు తెలుగువాళ్లా అండీ? చూశారా, అందరి ముందు ఎలా అరిచిందో! ఇంత డబ్బు తీసుకుని లావా ముట్టుకోనివ్వకపోతే ఇక గైడ్ ఎందుకండీ?’ అన్నాడు. అంటూనే ఒక్క స్టార్ రివ్యూ పెట్టేశాడు. గైడ్ పొగరుబోతు అట. ఎర్ర లావా చూపించలేదట. 2021లో ఆగిపోయినదాన్ని ఆ అమ్మాయి ఎలా వెలిగించాలి?

ఆ క్షణాన నోరు పెగల్లేదు. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది. అందుకే ఇక్కడ చెప్తున్నాను. ఇలాంటి చోట గైడ్ చేసే పనిలో పెద్ద పని ‘వద్దు’ అనడమే. దారి చూపడానికి ఫోన్ చాలు. గాలి ఎటు తిరిగిందో, ఏ పల్లంలో గ్యాస్ పేరుకుంటుందో, పొగమంచు దిగితే ఎప్పుడు వెనక్కి తిరగాలో ఫోన్ చెప్పదు. విస్ఫోటం నడుస్తున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువుగా లోయ అడుగున చేరుతుంది, వాసన ఉండదు, కూర్చున్న మనిషికి తెలిసేలోపే తల తిరుగుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ కనీసం గొంతు మండించి హెచ్చరిస్తుంది. ‘ఇక్కడ కూర్చోకండి’ అని చెప్పే మనిషి కోసమే మనం డబ్బు కడుతున్నాం.

2021 ఏప్రిల్ 5న ఇదే చోట, పట్టపగలు, మొదటి బిలానికి కొన్ని వందల మీటర్ల దూరంలో కొత్త చీలిక తెరుచుకుంది. అప్పటికి చూడటానికి వచ్చిన జనం ఆ చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్లందరినీ హడావిడిగా కిందికి పంపేశారు. ఆ చీలిక ఎవరి కాళ్ల కిందైనా తెరుచుకోవచ్చు. ఆ మాట తల్చుకుంటే టెన్షన్ రాని మనిషి నడకకు రాకూడదు, అంతే.

గైడ్ ఉంటే చాలు, ఇక ఏమీ కాదు అని కూడా నేను అనడం లేదు. న్యూజిలాండ్‌లో వకారీ అనే అగ్నిపర్వత దీవి మీద 2019 డిసెంబర్ 9న పేలుడు జరిగినప్పుడు 47 మంది ఉన్నారు, 22 మంది చనిపోయారు. గైడ్‌లతో వెళ్లినవాళ్లే. చనిపోయినవాళ్లలో గైడ్‌లూ ఉన్నారు. అంతకు మూడు వారాల ముందే అక్కడ హెచ్చరిక స్థాయి పెంచారు, అయినా టూర్లు ఆగలేదు. ఆ రోజు పొద్దున ఎవరో ఒకరు పడవ దగ్గరే ‘వద్దు’ అని ఉంటే ఎంత బాగుండేది! అందుకే ‘వద్దు’ అన్న మనిషికి ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగుసార్లు అలా రేటింగ్ పడితే ఐదోసారి ఆ అమ్మాయి మాట్లాడకుండా తల తిప్పుకుంటుంది. కంపెనీ కూడా అదే నేర్పుతుంది.

అసలు నా కోపం ఆ రివ్యూ కంటే ముందు నుంచీ ఉంది. తిరిగి వస్తున్నప్పుడు దారిలో గైడ్ ఒక వైపు చెయ్యి చూపించి ‘అటు గ్రిండావిక్, మా అమ్మమ్మ ఇల్లు అక్కడ ఉండేది’ అంది. గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం రోడ్డు మీదే పెట్టింది. వెంటనే ఈయన వెనక నుంచి, ‘అక్కడి రోడ్డు మీద పగుళ్లు బాగా పడతాయట కదా ఫోటోలో, ఒక పది నిమిషాలు ఆపుతారా?’

ఆమె అమ్మమ్మ ఇల్లండీ అది!

2023 నవంబర్ 10 రాత్రి ఆ ఊరిని మొత్తం ఖాళీ చేయించారు. దాదాపు 3,800 మంది. కింద మాగ్మా కదులుతూ నేలను చీలుస్తుంటే పిల్లల్ని ఎత్తుకుని కార్లలో బయటపడ్డారు. తర్వాత కొన్ని నిమిషాలకు మాత్రమే లోపలికి వదిలితే, ఉరుకుల పరుగుల మీద పిల్లినో, ఫోటో ఆల్బమ్‌నో పట్టుకుని వచ్చేశారు. 2024 జనవరిలో పగులు పూడుస్తున్న ఒక కార్మికుడు అందులోనే పడి కనిపించకుండా పోయాడు, చివరికి వెతకడం కూడా ఆపేయాల్సి వచ్చింది. అదే నెల 14న లావా ఊళ్లోకి వచ్చి మూడు ఇళ్లు కాల్చేసింది. చాలా ఇళ్లను ప్రభుత్వం కొనేసింది. అందంగా పడే పగుళ్లట!

ఇంకో సంగతి చెప్తాను, నన్ను నిజంగా పొడిచేది ఇదే. 2021లో ఈ కొండ మీదికి జనం ఎగబడినప్పుడు, చీకట్లో దారి తప్పినవాళ్లను వెతికిందీ, మడమ బెణికినవాళ్లను మోసిందీ ఎవరు? గ్రిండావిక్ ఊరి రెస్క్యూ బృందం, థోర్‌బ్యోర్న్ అని దాని పేరు. జీతం లేదు. ఐస్‌ల్యాండ్‌కు సైన్యం లేదు, ఇలాంటి పనులన్నీ వాలంటీర్ల బృందాలే చేస్తాయి. ఏడాది చివర్లో టపాకాయలు అమ్మి ఖర్చులకు డబ్బు కూడబెట్టుకుంటారు. పగలంతా ఏదో ఉద్యోగం, రాత్రి మన కోసం కొండ మీద. మూడేళ్లు తిరక్కుండానే ఆ మనుషుల ఊరే ఖాళీ అయింది. సొంత ఇల్లు వదిలిన రాత్రి కూడా వాళ్లు ఇతరుల్ని బయటికి పంపే పనిలోనే ఉన్నారు.

మరి లావా మీదకు ఎక్కి కాలు ఇరికిందనుకోండి, ఆయన ఎవరిని పిలుస్తాడు? 112కి ఫోన్ చేస్తాడు. వాళ్లే వస్తారు. ఆ పల్చటి పెచ్చు మీద వాళ్లూ అడుగు పెట్టాలి. ‘నా ప్రాణం, నా ఇష్టం’ అని నా పాత ఆఫీసులో ఒకతను ఎప్పుడూ అనేవాడు, ఏ ట్రెక్‌కు వెళ్లినా గుంపును వదిలేసి ముందుకు పోయేవాడు. ఒకసారి మేమంతా వానలో మూడు గంటలు అతని కోసం నిలబడ్డాం. వచ్చి సారీ కూడా చెప్పలేదు, కొండ మీద సూర్యాస్తమయం ఎంత బాగుందో చెప్పాడు. వాళ్ల ప్రాణం వాళ్లది ఒక్కరిదే ఎప్పుడూ కాదు, మోసుకొచ్చేవాళ్లది కూడా.

నాచు గురించి కూడా రాయాలనుకున్నాను. ఇక్కడి పాత లావా మీద మెత్తటి పరుపులా నాచు ఉంటుంది, ఒకసారి తొక్కి పీకేస్తే మళ్లీ పట్టడానికి దశాబ్దాలు. దాని మీదే కూర్చుని భోజనం చేశారు మావాళ్లు. సరే, ఒక్క పోస్ట్‌లో ఎన్నని తిట్టను.

గైడ్ పేరు ఇక్కడ పెట్టను. ఆమె కంపెనీ పేజీలో మాత్రం ఇప్పుడే రాశాను. లావా ఎక్కనివ్వలేదని, గ్రిండావిక్ దగ్గర వ్యాన్ ఆపలేదని, అందుకే ఐదు స్టార్లని. ఆయన రివ్యూకు కింద తెలుగులో జవాబు కూడా పెట్టాను. ‘ఆ పిల్లకు ఏం తెలుసో నేను విన్నానండీ, మీరూ అక్కడే ఉన్నారు’ అని.