అత్త సొమ్ముతో అల్లుడి దానం: బ్యాంకాక్ మ్యూజియంలో జావా వినాయకుడు

బ్యాంకాక్ వెళ్లొచ్చిన మనవాళ్లని ఏం చూశారని అడగండి. పట్టాయా, కోరల్ ఐలాండ్, సఫారీ వరల్డ్, ఇంద్రా మార్కెట్‌లో బేరమాడి కొన్న బట్టలు, లిస్టు అక్కడితో అయిపోతుంది. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఫోటోలు దిగినవాళ్లు కూడా అక్కణ్ణుంచి పావుగంట నడకలో ఉన్న నేషనల్ మ్యూజియం వైపు చూడరు. మొదటిసారి నేనూ చూడలేదు. మా గైడ్ "అక్కడేముంది సార్, పాత బొమ్మలు" అని బస్సుని నగల షోరూమ్‌కి తిప్పించాడు (ఎందుకు తిప్పించాడో మీకు తెలుసు, నాకూ తెలుసు). రెండోసారి ఒక్కణ్నే వెళ్లాను. బుధవారం వెళ్లాను, ఎందుకంటే సోమ, మంగళవారాలు మూసేస్తారు.

ఈ మ్యూజియం ఒకప్పుడు ఉపరాజు ఉండే ప్యాలెస్. చులాలాంగ్‌కార్న్ రాజు 1874లో తండ్రి సేకరించిన వస్తువుల్ని జనానికి చూపించడంతో మొదలైంది, 1887లో ఈ ప్రాంగణానికి వచ్చింది. రామ్‌ఖామ్‌హేంగ్ శాసనం, ద్వారావతి (థాయ్ గడ్డ మీద వెలసిన పాత మోన్ రాజ్యం) కాలపు రాతి ధర్మచక్రాలు, బుద్ధైశ్వర్య మందిరం గోడల మీద బుద్ధుడి కథ, ఇవన్నీ చెప్పుకుంటూ పోతే టూరిస్టు పుస్తకం అవుతుంది కాబట్టి వదిలేస్తున్నాను. రథశాల గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. అక్కడున్న పెద్ద రాజరథం 1795లో చేసింది, బరువు పదమూడు టన్నుల పైమాటే, ఎత్తు 11 మీటర్లు, తల వెనక్కి వాల్చితే గానీ శిఖరం కనబడదు. 2017 అక్టోబర్‌లో భూమిబోల్ రాజు అంత్యక్రియలకు దీన్ని బయటికి తీశారు, రెండొందల మందికి పైగా మోకులు పట్టి లాగారు, పని అయ్యాక మళ్లీ తెచ్చి ఇక్కడే పెట్టారు. మన గుళ్లలో రథోత్సవం అయ్యాక రథాన్ని రేకుల షెడ్డులోకి తోసినట్టే. మ్యూజియంలో ఉన్న వస్తువు చచ్చిపోయినట్టు లెక్క కాదని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు!

ఇక అసలు విషయం. ఈ మధ్య ఆ మ్యూజియం పేరు అందరి నోళ్లలో పడడానికి కారణం 'గోల్డెన్ బాయ్'. బంగారు పూత పోసిన కంచు విగ్రహం, పదకొండో శతాబ్దం నాటిది, నాలుగడుగుల పైన ఉంటుంది. శివుడని కొందరు, దేవుడిగా మలిచిన రాజని కొందరు అంటారు. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని బురీరామ్ ప్రాంతంలో తవ్వుకుని అమ్ముకున్నది, 1988లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం చేరింది. మధ్యలో డగ్లస్ లాచ్‌ఫర్డ్ అనే డీలర్ ఉన్నాడు, బ్యాంకాక్‌లోనే కాపురం పెట్టి ఖ్మేర్ (పాత కంబోడియా రాజ్యం) విగ్రహాల వ్యాపారం నడిపినవాడు. 2019లో అమెరికాలో అతని మీద కేసు పెట్టారు, తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు. 2023 డిసెంబర్‌లో మెట్ మ్యూజియం తిరిగి ఇస్తానంది, 2024 మేలో విగ్రహం ఇంటికి వచ్చింది. మూడేళ్ల ముందే, 2021లో, శాన్ ఫ్రాన్సిస్కో మ్యూజియం నుంచి రెండు గుడి ద్వారాల పైరాళ్లు కూడా ఇలాగే వచ్చాయి.

థాయ్ వాళ్లకి ఈ పోరాటం కొత్తది కాదు. 1960ల్లో ఫనోమ్ రుంగ్ గుడి ద్వారం పైనుంచి శేషశయనుడి రాయి మాయమైంది, చూస్తే చికాగోలో తేలింది. దాని కోసం జనం రోడ్డెక్కారు, ఒక రాక్ బ్యాండ్ పాట కట్టింది, "మీ మైఖేల్ జాక్సన్‌ని మీరే తీసుకుపోండి, మా నారాయణుణ్ని మాకివ్వండి" అన్న మాట దేశమంతా మారుమోగింది. 1988లో రాయి వెనక్కి వచ్చింది. వచ్చాక దాన్ని మ్యూజియంలో కూర్చోబెట్టలేదు, అదే గుడిలో అదే గుమ్మం మీదికి ఎక్కించారు. నాకైతే ప్రపంచంలో విగ్రహాల వాపసు కథలన్నిటిలో ఇదే ఇష్టం.

అందుకే అదే ప్రాంగణంలో జావా శిల్పాల ముందు నిలబడ్డప్పుడు నా కాళ్లు కదల్లేదు.

అక్కడ పుర్రెల పీఠం మీద కూర్చున్న వినాయకుడు ఉన్నాడు. నల్లగా, బరువుగా, మనిషి కంటే పెద్దగా. మన చవితి పందిళ్లలో నవ్వే బొజ్జ గణపయ్య కాదు, తాంత్రిక పూజలందుకున్న దేవుడు. కూర్చున్నది మెత్తని ఆసనం కాదు, వరసగా పేర్చిన పుర్రెలు, వాటి పళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. నా పక్కన ఒక థాయ్ పెద్దావిడ చెప్పులు విడిచి చేతులు జోడించింది. వాళ్లకి ఆయన 'ఫ్రా ఫికనేత్', మన విఘ్నేశుడే. ఈ విగ్రహం తూర్పు జావాలోని సింహసారి నుంచి వచ్చింది. 1896లో చులాలాంగ్‌కార్న్ రాజు జావా పర్యటనకు వెళ్లినప్పుడు, అప్పట్లో జావాని ఏలుతున్న డచ్ ప్రభుత్వం ఇచ్చిన కానుక. ఒక్క వినాయకుడితో ఆగలేదు, జావాలోని బోరోబుదూర్ బౌద్ధ స్తూపం నుంచి ఎనిమిది బండ్ల శిల్పాలు తరలాయి: ఐదు బుద్ధ విగ్రహాలు, రెండు సింహాలు, ఒక ద్వారపాలకుడు, కథాఫలకాల నుంచి ముప్పై దాకా ముక్కలు. రాజుగారు అడిగారు, డచ్ వాళ్లు సరే అన్నారు. జావా వాళ్లని ఎవరూ అడగలేదు, అడిగే రోజులూ కావవి.

అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే కదా!

ఇది దొంగతనం కాదు, దేశాధినేతల మధ్య మర్యాదగా జరిగిన కానుక, కాగితాలున్నాయి, లాచ్‌ఫర్డ్ లాంటి స్మగ్లర్‌తో బౌద్ధ భక్తుడైన రాజుని ఎలా పోలుస్తారు అని ఎవరైనా అడగొచ్చు. అప్పటికి బోరోబుదూర్ బాగోగులు చూసే నాథుడు లేడు, డచ్ వాళ్లు పునరుద్ధరణ మొదలుపెట్టిందే 1907లో, బ్యాంకాక్‌లో కనీసం భద్రంగా ఉన్నాయి కదా అని కూడా అనొచ్చు. భక్తి మాట నేను కాదనను.

కానీ భద్రంగా ఉంచాం అనేది లండన్ వాళ్ల మాట, న్యూయార్క్ వాళ్ల మాట. థాయ్ వాళ్లు ఆ మాటని చికాగో విషయంలో ఒప్పుకోలేదు, సరిగ్గానే ఒప్పుకోలేదు. ఇక కానుక సంగతి. కానుక చెల్లాలంటే ఇచ్చినవాడికి అది సొంతమై ఉండాలి. అద్దెకున్నవాడు ఇంటి తలుపు ఊడదీసి స్నేహితుడికి ఇస్తే ఆ స్నేహితుడి చేతిలో ఎంత మంచి కాగితం ఉన్నా ఓనరుకి అక్కర్లేదు, ఇక్కడైతే అద్దె కూడా కట్టనివాడు ఇచ్చాడు. పైగా కథ ఇప్పుడు ఇంకా ఇరుకున పడింది, ఎందుకంటే అదే సింహసారి నుంచి తీసుకెళ్లి లైడెన్‌లో పెట్టుకున్న విగ్రహాల్ని, వాటిలో ఇలాంటి వినాయకుడు కూడా ఉన్నాడు, నెదర్లాండ్స్ 2023లో ఇండోనేషియాకి తిరిగి ఇచ్చేసింది. అంటే దానమిచ్చినవాడు తప్పు ఒప్పుకుని తన దగ్గరున్నవి వాపసు చేశాడు, దానం పుచ్చుకున్నవాడు మాత్రం అలాగే పట్టుకుని కూర్చున్నాడు. గోల్డెన్ బాయ్‌ని మేళతాళాలతో దింపుకున్న ప్రాంగణంలో ఇది ఇలాగే ఉంటే చికాగో మీద గెలిచిన ఆ వాదన విలువ సగం పడిపోతుంది. తూకం రాయి ఇవ్వడానికొకటి, తీసుకోవడానికొకటి ఉండదు.

నాకెందుకు ఇంత ఆవేశం అంటే, ద్వారావతి బుద్ధుడి ముందు నిలబడ్డప్పుడు గుర్తొచ్చేది కృష్ణా తీరమే. ఆగ్నేయాసియా తొలి బుద్ధ విగ్రహాల మీద అమరావతి శైలి నీడ ఉందని కళాచరిత్ర చదివినవాళ్లు చెప్పేదే. ఆ అమరావతి రాళ్లు ఇప్పుడెక్కడున్నాయి? 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించాడు, మద్రాసు చేరాయి, 1859లో ఓడెక్కాయి. నూట ఇరవై దాకా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, అంతకంటే పెద్ద భాగం చెన్నై ఎగ్మూర్‌లో ఉంది. కుంఫనీ వాడు తనది కానిదాన్ని తన దేశానికి పంపుకున్నాడు, డచ్ వాడు తనది కానిదాన్ని పొరుగు రాజుకి కానుకిచ్చాడు, తేడా చిరునామాలో మాత్రమే. వాళ్లు తీసుకెళ్లకపోతే మీరే సున్నం కాల్చుకునేవాళ్లు అంటారు. అందులో కొంత నిజం ఉంది, దాచిపెట్టను. ఎలియట్‌కి దాదాపు యాభై ఏళ్ల ముందే మన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టుకోవడానికి ఆ స్తూపం దిబ్బని రాళ్ల కోసం తవ్వించాడు. అయినా తాత ఆస్తి అమ్ముకున్నాడని మనవడి పాత ఫోటోల్ని పక్కింటివాడు ఉంచుకోడు కదా.

ఇంతవరకు చదివి తల ఊపుతున్న హైదరాబాద్ మిత్రులకి ఒక చిన్న ఇబ్బంది పెట్టాలి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మన స్టేట్ మ్యూజియం ఉంది. అందులో ఈజిప్టు మమ్మీ ఉంది. ఏడో తరగతిలో స్కూలు వాళ్లు తీసుకెళ్తే అద్దానికి ముక్కు ఆనించి చూశాను. చుట్టిన గుడ్డలు తేనె రంగుకి తిరిగి ఉన్నాయి, మా సార్ "ముట్టుకోవద్దు" అని అరుస్తున్నాడు, వెనక నుంచి ఎవడో దెయ్యం కూత కూశాడు. నిజాముల కాలంలో డబ్బు పెట్టి కొనుక్కొచ్చిందే, కాబట్టి మా దగ్గరా రసీదు ఉందని మనమూ అనొచ్చు. కానీ రథం కాదు, రాయి కాదు, అది ఒక ఆడమనిషి శవం, ఎవరో కన్నబిడ్డ. అమ్మినవాడికి ఆవిడ ఏమవుతుందని అమ్మాడు?

అమరావతి రాళ్ల కోసం లండన్‌కి ఎవరైనా పిటిషన్ రాస్తే నన్ను పిలవండి, సంతకం పెడతాను. కైరోకి రాయాల్సిన ఉత్తరం కూడా పక్కనే పెట్టండి, ఒకే పెన్నుతో రెండూ అయిపోతాయి.