ఫైలు కనబడుట లేదు

మన కస్టమ్స్ శాఖకు ఘన సన్మానం జరగాలని నా గట్టి అభిప్రాయం. శాలువా, జ్ఞాపిక, వీలైతే గజమాల. ఇస్లాంను కించపరిచిందన్న గొడవ మీద సల్మాన్ రష్దీ ఇంగ్లిషు నవల 'ద సటానిక్ వర్సెస్' దేశంలోకి రాకుండా 1988 అక్టోబరు 5న ఆ శాఖ నోటిఫికేషన్ ఇచ్చిందని అందరం చెప్పుకుంటూ వచ్చాం. 2019లో ఒక పాఠకుడు దాన్ని కొట్టేయమని ఢిల్లీ హైకోర్టుకెక్కాడు. కొట్టేయాలంటే ముందు కాగితం కావాలి గదా. ఏళ్ల తరబడి ఎవరూ తెచ్చి చూపించలేకపోయారు. చివరికి 2024 నవంబరులో కోర్టు, అసలు అలాంటి నోటిఫికేషనే లేదనుకోక తప్పదని తేల్చేసింది.

మన రేషన్ కార్డు పోతే ఏమవుతుందో తెలుసు. స్టేషన్లో కంప్లైంటు, నోటరీ అఫిడవిట్, ఫొటోలు, జిరాక్సులు, ఆపైన 'సారు లేరు, రేపు రండి'. దేశం మొత్తానికి ఒక పుస్తకాన్ని దూరం చేసిన కాగితం పోతే మాత్రం 'దొరకలేదండీ' అంటే సరిపోయింది.

కాగితం లేదని పని ఆగిందా? నేను మెచ్చుకునేది అదే. 2012లో జైపూర్ సాహిత్యోత్సవానికి బెదిరింపుల వల్ల రష్దీ రాలేకపోతే, నిరసనగా నలుగురు రచయితలు ఆ నవలలోంచి కొన్ని భాగాలు చదివారు. ఆ వెంటనే ఊరొదిలి వెళ్లడం మంచిదని సలహా వచ్చింది, వెళ్లిపోయారు. మనం చెప్పుకునే నిషేధం దిగుమతి మీద, చదవడం మీద కాదు. అయినా ఆ కాగితం చూసినవాడెవడైనా ఉంటే గదా తేడా తెలిసేది! పోనీ రష్దీని వీడియోలో మాట్లాడిద్దామంటే అదీ సాగలేదు. తెర మీద బొమ్మ కూడా దిగుమతి కిందికే వస్తుందేమో, కస్టమ్స్ వాళ్లే చెప్పాలి.

మన హైదరాబాదు ఇంకో అడుగు ముందే ఉంది. 2007 ఆగస్టులో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకని ప్రెస్ క్లబ్బుకు వచ్చారు. ఆమె రాతలు ఇస్లాంకు వ్యతిరేకమంటూ ముగ్గురు ఎమ్మెల్యేలు అనుచరులతో సహా వచ్చి బొకేలూ, చేతికందిన సామానూ ఆమె మీదికి విసిరారు. బొకేలు తెచ్చింది సన్మానానికి, వాడింది ఇందుకు. అక్కడున్నవాళ్లు అడ్డం నిలబడబట్టి ఆమె బయటపడ్డారు. తర్వాత పోలీసులు దాడి చేసినవాళ్ల మీద ఒక కేసు, రచయిత్రి మీద ఒక కేసు పెట్టారు. తక్కెడ ఎటూ మొగ్గకూడదు మరి.

నాబోటి సాహిత్యాభిమానుల సేవ కూడా తక్కువేం కాదు. మేమెప్పుడూ రచయిత పక్షమే. ఖండన ప్రకటన మీద సంతకం పెడతాం, కాకపోతే మొదటి వాక్యంలో 'ఆయన అభిప్రాయాలతో మాకు ఏకీభావం లేకపోయినా' అని రాయించాకే. 2022 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో వేదిక మీదే రష్దీని కత్తితో పొడిచారు, ఒక కన్ను పోయింది. 'పాపమే కానీ, అలాంటివి రాయడం ఎందుకు?' అన్న పెద్దమనుషుల్లో ఆ నవల చదివినవాళ్లు ఎందరని అడక్కండి. దొరికితే గదా చదవడానికి.

ఇప్పుడు దొరుకుతోంది. తీర్పొచ్చిన రెండు నెలల్లోపే ఢిల్లీలో ఒక పుస్తకాల షాపు అమ్మకానికి పెట్టింది. ధర 1,999 రూపాయలు. కస్టమ్స్ శాఖ ఇక నిశ్చింతగా ఉండొచ్చు, మిగతా పని అట్ట వెనకాల ఉన్న ఆ అంకె చూసుకుంటుంది.