డిస్కు పెట్టే చోటున్న మెషీనే కొనండి

భీమవరంలో మా అన్నయ్య కొడుకు దగ్గర సోనీ వాళ్ళ గేముల మెషీన్ ప్లేస్టేషన్‌వి డిస్కులు మూడున్నాయి. ఒక్కో పెట్టె మీద స్కెచ్ పెన్నుతో వాడి పేరు, దాని పైన కొట్టేసిన మరో రెండు పేర్లు. కొత్త గేమ్ 4,999 రూపాయలంటే మధ్యతరగతి ఇంట్లో చిన్న విషయం కాదు, అందుకని ఆ వీధి పిల్లలు ఒకరు కొని నలుగురిళ్ళల్లో ఆడుకుంటారు. ఇప్పుడు వాడు "బాబాయ్, ఈసారి వచ్చేటప్పుడు కొత్త మెషీన్ తేవా, డిస్కు లేనిదైతే తక్కువకొస్తుందట" అన్నాడు. నిజమే, 2020లో ప్లేస్టేషన్ 5 (పీఎస్5) వచ్చినప్పుడే ఇక్కడ అమెరికాలో డిస్కున్నది 499 డాలర్లు, లేనిది 399. కానీ ఆ ధర తేడా చూసి ఎవరూ మోసపోవద్దని నా గట్టి అభిప్రాయం.

మా మావయ్యకు ఆకివీడు వైపు రొయ్యల చెరువుంది. ఒకసారి పట్టుబడికి నేనూ వెళ్ళాను. తెల్లవారకముందే వల లాగారు, గట్టు మీద కిలో రొయ్యలు తూచి ఎన్నున్నాయో ఒక్కొక్కటే లెక్కపెట్టి కౌంటు కట్టారు. ఆ పంటకు మేత అప్పిచ్చింది, కౌంటు చూసింది, రేటు చెప్పింది ఒక్కరే. "మేతా వాళ్ళదే, కాటా వాళ్ళదే, మనం ఏమంటాంరా" అన్నాడు మావయ్య.

గేముల్లోనూ మెషీన్ చేసేవాడు తన గేములు అమ్ముకుంటాడు, బయటి కంపెనీల గేముల మీద కమీషనూ తీసుకుంటాడు. ఇది ఇవాళ్టిది కాదు. 1979లో గేమ్ మెషీన్లు చేసే అటారీ కంపెనీలో గేములు రాసినవాళ్ళు కొందరు బయటికొచ్చి యాక్టివిజన్ అనే సొంత కంపెనీ పెడితే అటారీ కోర్టుకెక్కింది, చివరికి రాయల్టీ కట్టేలా రాజీ కుదిరింది. తర్వాత ఎవరు పడితే వాళ్ళు నాసిరకం గేములు గుమ్మరించారు, 1983లో అమెరికాలో మార్కెట్టే కూలిపోయింది. ఆ భయంతో జపాన్ కంపెనీ నింటెండో తన మెషీన్లో తాళంలాంటి చిప్పు పెట్టింది, బయటివాళ్ళకు ఏడాదికి ఐదు గేములే అంది, గేములుండే క్యాసెట్లు కూడా తనే తయారుచేసి ఇచ్చేది. నాణ్యత పెరిగింది, కాదనను. కానీ బయటి కంపెనీల చేతిలో ఏమీ మిగల్లేదు. వాళ్ళకు ఊపిరాడింది 1994లో సోనీ సీడీలతో దిగాకే. సీడీ చేయడానికి ఖర్చు బాగా తక్కువ, దాంతో స్క్వేర్ లాంటి పెద్ద కంపెనీ ఫైనల్ ఫాంటసీ 7 గేమును నింటెండోకివ్వకుండా సోనీకిచ్చింది. పోటీ అంటే అదీ.

ఇప్పుడు అదే సోనీ 2019 నుంచి డౌన్‌లోడ్ గేముల కోడ్‌లను బయటి దుకాణాల్లో అమ్మనివ్వడం మానేసింది. డిస్కు లేని మెషీన్ కొంటే, విడిగా డిస్కు డ్రైవు కొని తగిలించుకుంటే తప్ప, ఇక వాళ్ళ ఆన్‌లైన్ కొట్టు ఒక్కటే దిక్కు. అక్కడి 30 శాతం కమీషన్ వల్ల జనం ఎక్కువ కడుతున్నారని 2022లో బ్రిటన్‌లో కేసు కూడా వేశారు. కంప్యూటర్ మీదైతే 2018లో ఎపిక్ అనే గేముల కంపెనీ వచ్చి 12 శాతమే చాలంటూ ఇంకో కొట్టు తెరవగలిగింది. ప్లేస్టేషన్ లాంటి గేమ్ మెషీన్లో రెండో కొట్టుకు చోటేదీ?

మెషీన్ నష్టానికి అమ్ముతున్నాం, గేముల మీదే రాబట్టుకోవాలి అంటారు కంపెనీలవాళ్ళు. అందులో కొంత నిజముంది, 2006లో పీఎస్3ని సోనీ నష్టానికే అమ్మింది. మేత అప్పిచ్చినవాళ్ళూ మావయ్యతో అలాంటి మాటే అంటారు. అప్పు ఇచ్చారు సరే, కాటా పక్కన ఇంకో కాటా ఉండకూడదంటే ఎలా? ధరలు పెంచేది బయటి కంపెనీలేనని మనం తిట్టుకుంటాం గానీ, 2025లో మారియో కార్ట్ వరల్డ్ గేముకు 80 డాలర్లు పెట్టింది మెషీన్ చేసిన నింటెండోనే.

డిస్కుంటే ఆడేశాక అమ్ముకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకు కొనుక్కోవచ్చు, పక్కింటి పిల్లాడికివ్వచ్చు. థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఊళ్ళో పిల్లల కోసం మెషీన్ కొనేవాళ్ళు పెట్టె మీద డిజిటల్ ఎడిషన్ అని ఉందేమో ఒకసారి చూసుకోండి. నేను కాస్త ఎక్కువైనా డిస్కు పెట్టే స్లాటున్నదే తీసుకెళ్తున్నాను. దాంతోపాటు రెండు డిస్కులు, పెట్టెల మీద పేర్లు వాళ్ళే రాసుకుంటారు.