సల్సా దీక్ష

మంగళ, గురువారాల్లో నేను ఉల్లి, వెల్లుల్లి ముట్టడం మానేసి ఐదు నెలలైంది. ఈ వార్తను మా అమ్మ అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లకీ చేరవేసింది. "యాభై దాటాకైనా మావాడికి భక్తి కుదిరింది. మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం బాబాకి" అని ఆవిడ లెక్క. ఆ రెండు రోజులూ సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా ఇంకోటి సంచిలో పెట్టుకుని, నోట్లో యాలక్కాయ వేసుకుని బయల్దేరుతుంటే మెట్ల మీద ఎదురైనవాళ్లు పక్కకి జరిగి దారిస్తున్నారు.

నేను వెళ్లేది మాదాపూర్‌లో ఒక మేడ మీద నడిచే సల్సా క్లాసుకి. ఎదుటి మనిషి ముక్కుకి మన నోరు జానెడు దూరంలో ఉండే డాన్సు అది. మధ్యాహ్నం తిన్న ఉల్లి పెసరట్టు సంగతి సాయంత్రం అవతలివాళ్లకి చెప్పకుండానే తెలిసిపోతుంది. మొదటి వారం నాకూ చెప్పకుండానే తెలియజేశారు. అప్పట్నుంచీ ఈ నిష్ఠ.

బాగా ఆలోచించిన మీదట, తెలుగుజాతికున్న సకల రుగ్మతలకీ సల్సాయే మందు అని నేను నిర్ధారణకు వచ్చాను. ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. మోకాలి మీద ఐసు ముక్కల సంచి పెట్టుకుని, కుదురుగా కూర్చుని అంటున్నాను.

ముందు ఆరోగ్యం. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక అధ్యయనం ప్రచురించింది. 75 దాటిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించారు. పుస్తకాలు చదివేవాళ్లకి, చదరంగంలాంటి ఆటలు ఆడేవాళ్లకి, వాయిద్యాలు వాయించేవాళ్లకి మతిమరుపు జబ్బు తక్కువగా వచ్చింది. ఒంటికి పనిచెప్పే వాటిలో నడక ఉంది, ఈత ఉంది, సైకిలుంది, మెట్లెక్కడం ఉంది. కానీ లాభం కనబడింది డాన్సు ఒక్కదాంట్లోనే. ఆ జాబితాలో ఇంటిపని కూడా ఉందని, దానివల్ల మతికి ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదని మా ఆవిడకి చదివి వినిపించాను. "డాన్సు వల్ల మతి నిలిచిందా, మతి సరిగ్గా ఉన్నవాళ్లే డాన్సుకి వెళ్లారా?" అని అడిగింది. ఆ తర్వాత గిన్నెలు నాచేత తోమించింది. సైన్సుని ఇంట్లో చదవకూడదు.

ఇక అసలు విద్య. సల్సాలో ఎనిమిది లెక్కలు. కానీ మాస్టారు ఎనిమిదీ లెక్కపెట్టడు. "వన్ టూ త్రీ... ఫైవ్ సిక్స్ సెవెన్" అంటాడు. నాలుగూ, ఎనిమిదీ ఏమయ్యాయని మొదటిరోజే అడిగాను. విశాఖపట్నం కుర్రాడు, పాతికేళ్లుంటాయి. "అక్కడ ఆగాలి అంకుల్" అన్నాడు. (మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టాక 'సర్' అయ్యాను.) సంగీతం నేర్పే మా మేనత్తకి ఈ సంగతి ఫోన్లో చెబితే, తొడ మీద తాళం వేసి చూసుకుని, "ఒరేయ్, ఎనిమిదంటే మన ఆదితాళమేగా! రెండు దెబ్బలు మింగేశారు, అంతే" అని తేల్చేసింది.

మింగడం అంత తేలిక కాదు. ఆగడం మనకి చేతకాదు. టీవీ చర్చల్లో ఆగం, నాలుగురోడ్ల కూడలిలో ఆగం, పెళ్లి భోజనాల్లో ముందువాడు లేచేదాకా కుర్చీ వెనక నిలబడతాం గానీ ఆగాం అనుకోం. నాలుగో లెక్క దగ్గర ఖాళీ కనబడగానే నా కాలు అక్కడ ఓ ప్లాటు కబ్జా చేసేది. ఆ ప్లాటు సాధారణంగా ఎదుటి మనిషి బొటనవేలు. ఆరువారాల పాటు నేను కబ్జా చేసిన వేళ్లకి లెక్కలేదు. ఏడో వారంలో ఒకరోజు, నాలుగు దగ్గర నిజంగా ఆగాను. ఏమీ కాలేదు. పాట నన్ను వదిలేసి వెళ్లిపోలేదు. నా కోసం నిలబడే ఉంది. యాభై ఒక్క ఏళ్లలో నేను ఊరికే ఆగిన మొదటి అరసెకను అది. అయితే దాన్ని తల్చుకుని మురిసిపోతూ ఐదు, ఆరు, ఏడు వదిలేశాను.

ఈ పాటల వెనక తరచుగా టక్ టక్‌మని ఓ చెక్క చప్పుడు వినబడుతుంటుంది. దాని పేరు క్లావే. రెండు గుండ్రటి కర్రముక్కలు, ఐదు దెబ్బలు. ఓసారి ముందు మూడు, తర్వాత రెండు. ఓసారి ముందు రెండు, తర్వాత మూడు. సంక్రాంతి నెలలో హరిదాసు చేతిలో చిడతలు చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. పదిమంది వాయిద్యగాళ్లు ఎన్ని విన్యాసాలు చేసినా, చివరికి అందరూ లోబడేది ఆ రెండు పుల్లలకే.

సల్సాకి పుట్టిల్లు ఎక్కడ అని మాత్రం అడక్కండి. ఆవకాయ ఎవరిదన్న పేచీ కంటే పెద్దది. పాట కట్టే తీరు క్యూబాలోని 'సోన్' అనే సంగీతానిది. దాన్ని న్యూయార్క్‌లో వండి వార్చింది ఎక్కువగా పోర్టోరీకో నుంచి వలస వచ్చినవాళ్లు. అమ్మకానికి పెట్టింది 1964లో పుట్టిన ఫానియా రికార్డుల కంపెనీ. 'సల్సా' అంటే స్పానిష్‌లో సాసు, మన లెక్కలో పచ్చడి. టింబాలెస్ అనే జంట డోళ్లు వాయించడంలో మహారాజు లాంటి టీటో ప్యూయెంటేకి ఆ పేరంటేనే పడేది కాదు. సల్సా అంటే తినేది, నేను వాయించేది క్యూబా సంగీతం అని ఆయన గొడవ. ఎవరు వింటారు? పచ్చడే అతుక్కుపోయింది. ఇటు కొలంబియాలో కాలీ నగరం, ప్రపంచ సల్సా రాజధాని మేమే అంటుంది. అక్కడివాళ్లు నిదానంగా తిరగాల్సిన రికార్డుని వేగం పెంచి వేసుకుని, దానికి తగ్గట్టు కాళ్లాడించడం అలవాటు చేసుకున్నారని చెప్తారు. ఆన్‌లైన్ పాఠాలు రెట్టింపు స్పీడులో పెట్టుకుని వినే మా అబ్బాయికి ఇందులో వింతేమీ కనబడలేదు.

సెలియా క్రూజ్ అని ఓ మహాగాయని ఉండేది. 1960లో క్యూబా విడిచింది. రెండేళ్లకి తల్లి చనిపోతే అంత్యక్రియలకి రానివ్వలేదు అక్కడి ప్రభుత్వం. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆవిడ పాటల మధ్యలో ఒకటే కేక పెట్టేది, "అసూకార్!" అని. అంటే షుగర్. మా క్లాసులో కూడా పాట ఊపందుకోగానే కుర్రాళ్లు ఆ కేక పెడతారు. మా ఈడువాళ్లం నలుగురం ఉలిక్కిపడతాం. మాకా మాట చెప్పేది ల్యాబ్‌వాళ్లు, అదీ పరగడుపున.

క్లాసులో రెండోవారం మాస్టారు నా చేతులు పట్టుకుని చూసి పెదవి విరిచాడు. "ఉడికిన సేమియాలా ఉన్నాయి సర్. చేతుల్లో టెన్షన్ లేదు. టెన్షన్ ఉంటేనే అమ్మాయికి మీరేం చెప్తున్నారో తెలుస్తుంది." ఇద్దరు పిల్లల చదువులు, ఇంటి లోను, మా బావమరిదికి హామీ సంతకం, ఇన్ని ఉన్న నాలో టెన్షన్ లేదన్న మొదటి మనిషి ఇతనే. కళ్లు చెమర్చాయి. తర్వాత తెలిసింది, అది చేతులు కొంచెం బిగువుగా, వసారా గేటులా పట్టి ఉంచడమని. తోస్తే కదలాలి, కానీ వేలాడకూడదు.

నడుము సంగతీ అంతే. అందరూ నడుము తిప్పడానికి తంటాలు పడుతుంటే, "నడుమునొదిలేయండి, మోకాళ్లు ఒకటి మార్చి ఒకటి వంచండి, అదే కదుల్తుంది" అంటాడు. వంచాను. కదిలింది పొట్ట. నా నడుము పొట్టతో విడివడి స్వతంత్రంగా వ్యవహరించి చాలాకాలమైంది. పైగా వేసుకెళ్లినవి వాకింగు బూట్లు. అవి నేలని పట్టుకుంటే వదలవు. మనిషి తిరుగుతాడు, పాదం తిరగదు. మధ్యలో మోకాలు రాజీ కుదర్చబోయి దెబ్బతింటుంది. అందుకే అడుగున స్వేడ్ తోలు వేసిన బూట్లు కొన్నాను. వాటిని రోడ్డు మీద తొడగకూడదు, తడి తగలనివ్వకూడదు. మా ఇంట్లో గుడ్డలో చుట్టి దేవుడి గది పక్క అలమరలో ఉంచిన బూట్లు ఇవొక్కటే. అమ్మ వాటిని పాదుకలనుకుంటోందేమో, నేనడగలేదు.

మూడో నెలలో మా ఆవిడ కూడా చేరింది. నా భక్తి మీద నిఘా అనుకున్నాను. దంపతులిద్దరూ వెళ్తున్నారని అమ్మ పొంగిపోయి ఆ రెండు రోజులూ ఇంటికే ఉల్లి రానివ్వడం మానేసింది.

సల్సాలో ఒకరు 'లీడ్', ఒకరు 'ఫాలో'. మామూలుగా మగవాడు లీడ్. ఇది వినగానే మా బ్యాచిలో మొగుళ్లందరూ ఛాతీలు నిటారు చేశారు. ఇరవై నాలుగేళ్లుగా నేనే కదా నడిపిస్తున్నానని నేనూ చేశాను. చేయి పైకెత్తితే ఆవిడ తిరగాలి, ఎత్తకపోతే తిరగకూడదు. చట్టం అంతే. నేను చేయి సగం ఎత్తాను.

మా ఆవిడ ఆగిపోయింది. "తిరగమంటారా, వద్దంటారా?"

"నీ ఇష్టం" అన్నాను, అలవాటు కొద్దీ.

పాట నడుస్తోంది. చుట్టూ పదహారు మంది తిరుగుతున్నారు. మేమిద్దరం మధ్యలో, నా చేయి భుజం దగ్గర, ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని సగంలో ఫొటో తీసినట్టు. అప్పుడు మొదలుపెట్టింది. "అన్నీ ఇంతే మీరు. 2011లో షాద్‌నగర్ ప్లాటప్పుడూ ఇలాగే సగం ఎత్తారు. కొందామా అంటే చూద్దామన్నారు, వద్దా అంటే నీ ఇష్టమన్నారు. దాని రేటు ఇప్పుడెంతో తెలుసా?" మాస్టారు వచ్చి విడదీయబోయాడు. మొత్తం విన్నాక, "మేడమ్ కరెక్టే సర్. సిగ్నల్ ముందే, పూర్తిగా ఇవ్వాలి. చివరి నిమిషంలో గుంజకూడదు" అన్నాడు. ప్లాటు గురించా, చేయి గురించా అన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. కౌన్సెలింగుకి వెళ్లినా ఇంత తక్కువ ఫీజులో ఇంత స్పష్టమైన తీర్పు రాదు.

ఆ మాటకొస్తే లీడ్ అంటే లాక్కెళ్లడం కాదట. దారి చూపించి, పక్కకి తప్పుకోవడమట. 'క్రాస్ బాడీ లీడ్' అనే దానిలో మగవాడు చేసే ఘనకార్యమల్లా ఆవిడ ముందుకెళ్లేలా పక్కకి జరగడమే. ఇది తెలిసి మా బ్యాచిలో ఇద్దరు మొగుళ్లు క్లాసు మానేశారు.

ఇంకో సుఖం కూడా చెప్పాలి. కాసేపటికోసారి మాస్టారు "చేంజ్!" అంటాడు. భాగస్వాములు మారాలి. హవానాలో వలయంగా నిలబడి ఆడే రువేదాలోనూ అంతే, ఒకడు కేక పెడితే జోడీలన్నీ కోలాటంలోలా పక్కకి జరిగిపోతాయి. మా క్లాసులో ఆడవాళ్లు ఆరుగురు, మగవాళ్లు పదమూడుమంది కనక ప్రతి చేంజ్‌కీ నాకో సాఫ్ట్‌వేర్ కుర్రాడు తగిలేవాడు. అమ్మాయిలతో పరిచయాలవుతాయని చేరి, అంకుల్ చేతిలో గిరగిరా తిరుగుతున్న ఆ బిడ్డల ముఖాలు చూస్తే జాలేసేది. కానీ ఒక్కడూ నన్ను మీదే ఊరు, ఏం చేస్తారు, సొంతిల్లేనా అనడగలేదు. నాలుగైదు నిమిషాల పాట, ఓ థాంక్స్, ఇంకో మనిషి. తెలుగునాట ఇద్దరు మనుషులు అంత దగ్గరగా నిలబడి జీతం ఎంతో తెలుసుకోకుండా విడిపోయే చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

మొన్న గురువారం లిఫ్టులో కింది అంతస్తు ఆయన ఎక్కారు. రిటైర్డ్ ఇంజనీరు, నాతో ఎప్పుడూ మెయింటెనెన్సు గురించి తప్ప మాట్లాడరు. ఆయన కూడా గురువారాలు ఉల్లి మానేశారని అమ్మ చెప్పింది, నా ప్రభావమేనని గర్వంగా. చేతిలో సంచి ఉంది. సంచిలోంచి ఉతికిన చొక్కా మడత కనబడుతోంది. యాలకుల వాసన. తలుపులు మూసుకున్నాయి. కిందికి చూశాను. ఆయన కుడికాలు బూటులోనే మెల్లగా లెక్కపెడుతోంది. వన్ టూ త్రీ. ఆగింది. ఫైవ్ సిక్స్ సెవెన్. ఆగింది.

నాకంటే బాగా ఆగుతోంది.

గ్రౌండు ఫ్లోరొచ్చింది. తలుపు దగ్గర పక్కకి జరిగి దారిచ్చి, "స్వామీ, మీరు ముందు" అన్నాను.