ఆడపడుచు సంతకం

సాయంత్రం ఏడు దాటితే హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో టీవీ సీరియల్‌లో ఆస్తి పంచాయతీయే. పెద్ద బంగళా, కోట్ల కంపెనీ, కుర్చీ కోసం కొట్టుకునే అన్నదమ్ములు. ఈ కథలను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన ఊరు ఇది. శివారు పల్లెల్లో తాతల నాటి పొలం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ గొడవ ఉంది. సీరియల్ దాన్ని పట్టుకోవడం సబబే.

మా అభ్యంతరం ఒక్కటే. వాటా అడిగిన కూతురు ఈ కథల్లో ఎప్పుడూ విలనే. పుట్టింటిని చీల్చడానికి వచ్చిన మనిషిగానే ఆమెను చూపిస్తారు. వద్దని వదులుకున్న కూతురేమో దేవత!

పిత్రార్జితంలో కూతురికి సమాన వాటా ఇచ్చిన చట్టం మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే వచ్చింది. అప్పట్లో పెళ్లికాని కూతుళ్లకే అది వర్తించింది. 2005లో కేంద్రం చట్టం మార్చాక పెళ్లయిన వాళ్లకూ హక్కు దక్కింది. అది పుట్టుకతో వచ్చిన హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. సీరియల్ పెద్దాయన మాత్రం ఇంకా 'చిల్లిగవ్వ ఇవ్వను' అని గర్జిస్తూనే ఉన్నాడు. స్వార్జితమైతే వీలునామా ఆయన ఇష్టం. తాతల ఆస్తిలో కూతురి వాటాను వేరొకరికి రాసిచ్చే అధికారం ఆయనకు లేదు. తెల్లకాగితం మీద దొంగ సంతకంతో బంగళా చేతులు మారదు కూడా. సబ్‌రిజిస్ట్రార్ ముందు ఫొటో, వేలిముద్ర, సాక్షులు, ఇవన్నీ కావాలి. రచయితలు ఈ మాత్రం కనుక్కోవాలి.

అసలు మోసం ఇంత హడావుడిగా జరగదు. తండ్రి పోయిన ఏడాదికి పండక్కి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు భోజనాలయ్యాక అన్నయ్య టీపాయ్ మీద కాగితాలు పెడతాడు. 'రేపు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లొద్దాం, ఇక్కడ ఓ సంతకం పెట్టమ్మా, ఫార్మాలిటీయే. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా' అంటాడు. వదిన కొత్త చీర, జాకెట్ ముక్క తెచ్చి పక్కన పెడుతుంది. కాగితం చదువుతానంటే పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో ఆమె పెన్ను తీసుకుంటుంది.

ఈ సీన్ రాయండి. ఆమె కాగితం చేతిలోకి తీసుకుని, మొదటి పేజీ నుంచి చదవడం చూపించండి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లినీ చూపించండి. భర్త ఆస్తిలో తనకూ పిల్లలతో పాటు వాటా ఉందని ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.