ఏడవని పిల్లవాడు

మా అమ్మ బాబును నాకు అప్పగించిన రోజు వాడు ఏడ్చింది కాసేపే. అప్పటికి రెండేళ్ళ మూడు నెలలు. శంషాబాద్‌లో లోపలికి వెళ్ళేదాకా అమ్మమ్మ కొంగు వదల్లేదు. విమానం ఎక్కాక మాత్రం నోరు మెదపలేదు. "ఎంత బుద్ధిమంతుడో" అని పక్క సీటావిడ మెచ్చుకుంటే నేనూ పొంగిపోయాను.

తొమ్మిదో నెలలో వాణ్ణి హన్మకొండలో మా అమ్మ దగ్గర దింపి నేను అమెరికా వచ్చాను. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మనలో చాలామందికి ఇది తెలిసిన కథే. అమెరికాలో జీతంతో ప్రసూతి సెలవు ఇవ్వాలని దేశమంతటికీ ఒక చట్టం లేదు. 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. డేకేర్ ఫీజు ఇంటి అద్దెతో పోటీ పడుతుంది. అమ్మానాన్నలను పిలిపిస్తే విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు. అందుకే పంపినవాళ్ళను నేను తప్పుపట్టను.

అమ్మమ్మ పెంపకానికీ వంక పెట్టను. తొలి ఏళ్ళలో మెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త కనెక్షన్లు ఏర్పడతాయంటారు. వాటిలో వాడుకలో ఉన్నవే గట్టిపడతాయి. పసివాడు వేలు చూపిస్తే ఎవరో ఒకరు జవాబివ్వాలి. భద్రకాళి చెరువు గట్టున వాడు వేలు చాపగానే "కొంగ బిడ్డా, కొంగ" అనడం మా అమ్మకు చేతనైనట్టు నాకు చేతకాదు. 2003లో పసివాళ్ళు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్ళకు చైనీస్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తే ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అదే మాట టీవీలో వస్తే పట్టుకోలేదు. నా వీడియో కాల్ అచ్చంగా టీవీ కాదులెండి, నేను జవాబిచ్చేదాన్ని. కానీ వాడు పడితే ఎత్తుకోలేను కదా. నన్ను 'ఫోన్ల అమ్మ' అనేవాడు.

చిక్కంతా ఆ అనుబంధాన్ని తెంపడంలో ఉంది. మేం రెండుసార్లు తెంపాం, ఒకసారి నా నుంచి, ఇంకోసారి అమ్మమ్మ నుంచి.

1950ల ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ అనే పరిశోధకులు తల్లికి దూరంగా ఆసుపత్రుల్లో ఉన్న చిన్నపిల్లలను గమనించారు. ముందు ఏడుపు, తర్వాత దిగులు, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు ఉండటం. ఆ మూడోది చూసి "అలవాటు పడ్డాడు" అనుకునేవాళ్ళట అక్కడివాళ్ళు. ఇది చదివినప్పుడు నాకు ఆ విమానం సీటు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక నెల రోజులు చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆరేళ్ళొచ్చినా నేను బాత్రూంలోకి వెళ్తే బయట కాపలా కూర్చునేవాడు. మొండితనం అన్నాం. దిష్టి అన్నారు కొందరు. భయం పుట్టినప్పుడు మళ్ళీ కుదుటపడటం పసి మెదడు తనకు తెలిసిన ఒడిలోనే నేర్చుకుంటుంది. ఆ ఒడి రాత్రికి రాత్రి మారిపోతే వాడేం చేస్తాడు?

పంపక తప్పదంటే పంపండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు మాత్రం అమ్మమ్మనో నానమ్మనో వెంట తీసుకురండి. ఆ ఆరు నెలల వీసా అప్పుడు వాడుకోండి. పిల్లవాడు ఇద్దరినీ ఒకే ఇంట్లో చూడాలి. ఆమె తిరిగి వెళ్ళేటప్పుడు వాడికి చెప్పి వెళ్ళాలి. ఏడుస్తాడని నిద్రలో ఉండగా చాటుగా జారుకోవడం మన ఇళ్ళలో అలవాటు, నాకైతే అంతకంటే ఆ ఏడుపే నయం అనిపిస్తుంది.

ఇంకో మాట. బతుకమ్మ హాలు కోసం నెలల ముందే కమిటీ వేసే మన సంఘం, కొత్త తల్లుల కోసం ఒక్క కమిటీ వేయకూడదా? నాలుగు ఇళ్ళు వంతులవారీగా వంట పంపినా, ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పక్కింటి పసివాణ్ణి కాసేపు ఎత్తుకున్నా, టికెట్ బుక్ చేసే ముందు ఆ తల్లి ఇంకోసారి ఆలోచిస్తుంది.

అటువైపు ఏం తెగిందో నేను చాలా ఏళ్ళు అడగనే లేదు. మొన్న మాటల్లో అమ్మే చెప్పింది: "నువ్వు పిలగాన్ని తీస్కపోయినంక గూడ నెల దాక పాల ప్యాకెట్లు రెండే తెప్పించిన బిడ్డా. ఒకటి బంద్ జెయ్యుమని చెప్పబుద్ధి కాలే."